తిన్నె మీద కబుర్లు: సినిమా వచ్చేలోపు

పోయిన నెల ఒక సాయంత్రం మా అమ్మాయి కాగితమూ కలమూ పట్టుకుని తిన్నె మీద కూర్చుని తెగ రాసేస్తోంది. పరీక్షలకు చదువుకుంటోంది కాబోలునని మురిసిపోతూ దగ్గరకు వెళ్ళి చూద్దును గదా, కాగితం నెత్తిన తమిళంలో 'తప్పకుండా ఉండవలసినవి' అని పెద్ద అక్షరాలు, వాటి కింద వరసగా పద్నాలుగు అంశాలు!

"ఏమిటమ్మా ఇది? పెళ్ళి సామాన్ల పట్టీనా?" అన్నాను.

"కాదు నాయనా, 'వేళ్పారి' సినిమాలో ఏమేం ఉండాలో రాసుకుంటున్నాను. ఇందులో ఒక్కటి తగ్గినా నేను ఒప్పుకోను" అంది.

సంగతేమిటంటే, 'వేళ్పారి' సు. వెంకటేశన్ గారు రాసిన తమిళ నవల. 'ఆనంద వికటన్' వారపత్రికలో ధారావాహికగా వచ్చి, ఆ తర్వాత రెండు లావుపాటి సంపుటాలుగా వెలువడింది. పరంబు కొండను ఏలిన పారి కథ అది. పాకడానికి ఆధారం లేని అడవిమల్లె తీగకు తన రథాన్నే వదిలి వెళ్ళిన దాతగా పారి పేరు తమిళనాట పసిపిల్లలకు కూడా తెలుసు. అతని మీదికి చేర, చోళ, పాండ్య రాజులు ముగ్గురూ కలిసి దండెత్తారని సంగం నాటి గాథ. నవలలో చరిత్ర కొంతే. మిగిలినదంతా అడవి, అందులోని వింత చెట్లు, వింత జంతువులు. ఎటు తిప్పి కూర్చోబెట్టినా ఉత్తర దిక్కుకే తిరిగే దేవాంగ పిల్లి ఒకటుంది అందులో. దాని కోసం రాజులే ఆశపడతారు. ఆ నవలను తెరకెక్కించడం తన కల అని దర్శకుడు శంకర్ గారు 2025లో చెప్పారు. కల అన్నారు, అంతే. మా అమ్మాయికి అది చాలు. ఆ రోజు నుంచే సినిమా కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది.

దాని పట్టీ చూస్తే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నవ్వెందుకంటే పద్నాలుగు అంశాలలో తొమ్మిది దేవాంగ పిల్లి గురించే. భయమెందుకంటే, ఇదే తిన్నె మీద 2022లో ఒకసారి ఇలాంటి పట్టీ తయారయింది. ఆ ముచ్చట మీకు చెప్పాలి.

ఆ సంవత్సరం సెప్టెంబరు 30న మణిరత్నం గారి 'పొన్నియిన్ సెల్వన్' మొదటి భాగం విడుదల కాబోతోందని తమిళనాడంతా ఊగిపోయింది. మా పొన్నేరిలో కూడా పచారీ కొట్టు దగ్గర, లోకల్ రైల్లో, ఎక్కడ చూసినా అదే మాట. కల్కి గారు ఆ నవలను 1950 నుంచి 1954 దాకా తన పత్రికలో వారం వారం రాశారు. అయిదు భాగాలు, రెండు వేల పైచిలుకు పేజీలు. ఎం.జి. రామచంద్రన్ గారు 1958లోనే దాన్ని సినిమాగా తీయడానికి హక్కులు కొన్నారు. సాగలేదు. ఆ తర్వాత కమల్ హాసన్ గారు ప్రయత్నించారు. మణిరత్నం గారే అంతకుముందు మొదలుపెట్టి విరమించుకున్నారు. 1958 నుంచి లెక్క వేసుకుంటే అరవై నాలుగేళ్ళ ఎదురుచూపు! కథ మొదటిసారి అచ్చయినప్పుడు వారం వారం కాచుకుని చదివినవారిలో ఎంతమంది తెర మీద చూడకుండానే వెళ్ళిపోయారో!

అప్పుడు మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో తమిళం మొదటి భాష. ఇక్కడి పిల్లలందరికీ అంతే కదా, 2006లో వచ్చిన చట్టం తర్వాత తమిళం తప్పనిసరి అయింది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఉన్న ఊరి భాష రాకపోతే ఎలా? కానీ దానితో మా ఇంట్లో ఒక గోడ లేచింది. మా అమ్మకు అప్పటికి ఎనభై ఏళ్ళు దాటాయి. ఆమె తెలుగు చదువుతుంది, తమిళం మాట్లాడుతుందే గాని అక్షరం రాదు. మా అమ్మాయి తమిళం గడగడా చదువుతుంది, తెలుగు మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం గుణింతం దగ్గరే ఆగిపోతుంది. అవ్వ చదివిన పుస్తకం మనవరాలు చదవలేదు, మనవరాలు చదివే పుస్తకం అవ్వ చదవలేదు. మీలో చాలామంది ఇళ్ళలో ఇదే కథ. హోసూరులోనైనా, కోయంబత్తూరులోనైనా, అమెరికాలోనైనా. రెండో లిపి పేరు మారుతుంది, అంతే తేడా.

సినిమా మాట మొదలైన రోజుల్లో మా అమ్మ అడిగింది: "ఊరంతా అదే చెప్పుకుంటా ఉండారే, ఏం కథే అది? నాకూ చెప్పు పాపా. ఏమీ తెలియకుండా పోయి కూర్చుంటే ఎవరు ఎవరో నాకేం అర్థమవుతాది?"

అలా మొదలయింది. ప్రతి రాత్రీ భోజనాలయ్యాక తిన్నె మీద పాప చదివినంత మేర కథ అవ్వకు తెలుగులో చెప్పాలి. మొదటి రోజు నేను కూడా కూర్చున్నాను. ఆడి పదునెట్టు నాడు వీరనారాయణ ఏరి గట్టు మీద వందియత్తేవన్ గుర్రమెక్కి వస్తున్నాడు. పాప తమిళంలో చదివి తల పైకెత్తింది. తెలుగు మాట దొరకడం లేదు. "ఏరిని తెలుగులో ఏమంటారు అవ్వా?" అంది. "చెరువే! మన ఊరి పేరులోనే ఉండాది గదే" అని అమ్మ నవ్వింది. పొన్నేరి అంటే బంగారు చెరువు అని, పొన్ని అంటే కావేరి అని, రెండింట్లోనూ ఉన్న 'పొన్' ఒక్కటేనని అప్పుడు తెలిసి పాప ఎగిరి గంతేసింది. ఆ వీరనారాయణ ఏరినే ఇప్పుడు వీరాణం అంటారని, మదరాసు నగరానికి తాగునీరు అక్కడి నుంచి కూడా వస్తుందని నేను చెప్పాను.

మూడు నెలలు నడిచింది ఈ కచేరీ. కోట, కుట్ర, పడవ, తోకచుక్క, పట్టాభిషేకం... ఒక్కొక్క మాట అవ్వ అందిస్తే మనవరాలు పట్టుకునేది. నేను అయిదేళ్ళు బతిమాలి నేర్పలేని తెలుగు, ఆ మూడు నెలల్లో దానంతట అదే వచ్చి కూర్చుంది. ఒక కాగితం మీద పాప తెలుగు అక్షరాలతో 'నందిని' అని రాసి అవ్వకు చూపించిన రోజు నాకు బాగా గుర్తు. దీర్ఘం లేదు, ఒత్తు లేదు, సులభమైన పేరని ఎంచుకుందట గడుసుపిల్ల!

సినిమా వచ్చింది. అమ్మ తెలుగులోనే చూడాలంది. తణికెళ్ళ భరణి గారు తెలుగు మాటలు రాశారని పేపర్లో చదివింది. సరేనని లోకల్ రైలెక్కి సూళ్ళూరుపేట వెళ్ళి చూసి వచ్చాం. 2023 ఏప్రిల్ 28న రెండో భాగం వస్తే అదీ అలాగే చూశాం.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి మొహం చూడాలి! మొదటిసారే అలిగింది, గట్టు మీద మొదలు కావలసిన కథ యుద్ధంతో మొదలయిందని. రెండోసారి ఏడుపే. మణిమేకలై లేనే లేదు. నవల చివర్లో సేందన్ అముదన్ గురించి బయటపడే పెద్ద రహస్యం లేదు. "ఇన్నాళ్ళు కాచుకున్నది దీనికా?" అని రైల్లో అందరూ వినేటట్టు అంది.

దానికి నేను లెక్క చెప్పి ఓదార్చబోయాను. రెండు వేల పేజీలు, పేజీకి రెండు నిమిషాల చొప్పున పైకి చదివినా అరవై ఆరు గంటలు దాటుతుంది. సినిమా రెండు భాగాలూ కలిపి అయిదున్నర గంటలు. పన్నెండో వంతు కూడా లేదు. ఎవరు తీసినా కొందరు గడప బయట నిలబడవలసిందే. ఇంగ్లీషులో టోల్కీన్ గారి 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' 1954, 1955లలో వెలువడింది. 2001 నుంచి 2003 దాకా పీటర్ జాక్సన్ గారు దాన్ని మూడు సినిమాలుగా తీశారు. అంత నిడివిలోనూ టామ్ బాంబడిల్ అనే పాత్రకు చోటు దొరకలేదు. అతని అభిమానులు ఇప్పటికీ ఆ మాట ఎత్తి నిట్టూరుస్తారు. ఇదంతా చెప్పాను. లెక్కలతో దుఃఖం తీరుతుందా? తీరలేదు.

అప్పుడు మా అమ్మ నోరు విప్పింది. తన చిన్నతనంలో వాళ్ళ నాయన దగ్గర 'కాశీమజిలీ కథలు' ఉండేవట. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన ఆ పన్నెండు భాగాల పుస్తకం మీకు తెలిసిందే. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరి, తోడు రమ్మని గోపుడనే పశువుల కాపరి కుర్రవాణ్ణి అడుగుతాడు. మజిలీ మజిలీకీ ఒక కథ చెబితేనే వస్తానంటాడు వాడు. అలా పుట్టినవే ఆ కథలు. అందులోని ఒక కథను బీజంగా తీసుకుని పింగళి నాగేంద్రరావు గారు రచన చేయగా కె.వి. రెడ్డి గారు తీసినదే 1951 నాటి 'పాతాళభైరవి'. మన పొన్నేరికి కూతవేటులో, మదరాసు వాహినీ స్టూడియోలోనే తయారయింది. 'చందమామ'ను 1947లో తెలుగులోనూ, 'అంబులిమామ'గా తమిళంలోనూ మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే దాని నిర్మాతలు. సినిమా కూడా తెలుగు, తమిళం రెండింటా వచ్చింది. రెండు భాషల పిల్లలకు ఒకే కథ అందించడం వారికి అలవాటే మరి!

"మా నాయన కథ చెప్పినపుడు నేను అనుకున్న మాంత్రికుడు వేరే, తెరమీద చూసిన ఎస్వీ రంగారావు వేరే. డేరా కొట్టాయిలో చూస్తిని. సినిమా బాగుంది, ఎవరు కాదన్నారు? కానీ ఇప్పుడు కళ్ళు మూసుకుంటే రంగారావే వస్తాడు. మా నాయన చెప్పిన మాంత్రికుడు ఎట్లుండేవాడో మరచిపోతిని. మా నాయన గొంతు మాత్రం మరవలేదు" అంది అమ్మ.

పాప ఏడుపు ఆపి అవ్వ వంక చూసింది. అమ్మ అంతటితో ఆగి, సంచిలోంచి వేరుశనగకాయలు తీసి దాని చేతిలో పోసింది. గుమ్మిడిపూండి వచ్చేసరికి ఇద్దరూ మణిమేకలై గురించి మళ్ళీ చెప్పుకుంటున్నారు. సినిమాలో లేకపోయినా ఆ పిల్ల మా తిన్నె మీద ఉంది కదా!

నాకు ఆ రోజు తట్టిన విషయం ఇది. అభిమానులు సినిమా కోసం ఎదురుచూసేటప్పుడు తాము ఎదురుచూస్తున్నది సినిమా కోసమే అనుకుంటారు. ఫలానా నటుడు సరిపోతాడా, ఫలానా ఘట్టం ఉంటుందా అని పట్టీలు రాస్తారు. కాశీకి పోయేవాడు కాశీనే తలచుకుంటాడు. కానీ గోపుడికి కథలు దొరికింది మజిలీలలోనే. సినిమా వచ్చాక మొహాలు స్థిరపడిపోతాయి. నందిని అంటే ఐశ్వర్యా రాయ్, కుందవై అంటే త్రిష. అది తప్పని కాదు, సినిమా పనే అది. అయితే వచ్చేలోపు ఉన్న కాలం మాత్రం మనది. ఆ కాలంలో కథ ఎవరి నోట్లో ఉంటే వారిదే. ముఖ్యంగా మనలాంటి రెండు లిపుల ఇళ్ళలో ఆ కాలాన్ని వృథా పోనివ్వరాదు.

కాబట్టి పాఠక సోదరీ సోదరులారా, మీ పిల్లలు ఏదైనా పుస్తకం సినిమాగా వస్తోందని గంతులు వేస్తుంటే విసుక్కోకండి. అది తమిళమైనా, కన్నడమైనా, ఇంగ్లీషైనా సరే. మొదట పుస్తకం చదవమనండి. చదివినంత మేర రోజూ ఇంట్లో పెద్దవారికి తెలుగులో చెప్పమనండి. మాట తడబడితే మీరు అందించకండి, పెద్దవారినే అందించనివ్వండి. పాత్రల పేర్లు తెలుగు అక్షరాలతో ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించండి. సినిమా బాగుంటే సంతోషం. బాగా లేకపోతే అలగడానికి ఇంట్లో ఒక తోడు ఉంటుంది. ఎలా చూసినా నష్టం లేదు.

ఇక మొన్నటి పట్టీ దగ్గరికి వస్తాను. మా అమ్మాయి పద్నాలుగు అంశాలూ చదివి వినిపించింది. మా అమ్మకు ఇప్పుడు ఎనభై నాలుగు. చూపు బాగా తగ్గింది, వినికిడి ఇంకా పరవాలేదు. అంతా విని, "ఆ సినిమా ఎప్పుడొస్తాదే?" అని అడిగింది.

"చాలా ఏళ్ళు పట్టొచ్చు అవ్వా. ఇంకా మొదలే కాలేదు."

"అట్లయితే నాకు ఇప్పుడే చెప్పేయి. అన్నాళ్ళు నేను కాచుకోలేను."

పాప ఏమీ మాట్లాడలేదు. కాగితం మడిచి పెట్టి లోపలికి వెళ్ళి మొదటి సంపుటం తెచ్చింది. ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు మా తిన్నె మీద పరంబు కొండ లేస్తోంది. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మొదటి సంపుటం పూర్తి కావచ్చు. నిన్న రాత్రి దేవాంగ పిల్లి వచ్చింది. దాన్ని చిన్నప్పుడు అడవిలో స్వయంగా చూశానని, దాని కళ్ళు దీపాల్లా ఉంటాయని మా అమ్మ చెబుతుంటే, అది పుస్తకంలో లేదని పాప గబగబా అంచులో రాసుకుంది. తెలుగులోనే రాసుకుంది. తప్పులున్నాయి, నేను దిద్దలేదు.

మీ ఇంట్లో ఇప్పుడు ఏ సినిమా కోసం ఎదురుచూస్తున్నారు? ఆ కథ ఎవరు ఎవరికి చెబుతున్నారు? తప్పక రాయండి. వచ్చే సంచికలో మళ్ళీ ఇదే తిన్నె మీద కలుసుకుందాం.