సడలింపుకూ సడలింపుకూ మధ్య

మహమ్మారి ఆంక్షలను ఎప్పుడు ఎత్తివేయాలన్న నిర్ణయంలోని అసలు చిక్కు, దానికి ఆధారమయ్యే సూచికలన్నీ ఒకే కాలాన్ని చూపకపోవడంలో ఉంది. కొవిడ్ సోకినవారిలో లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు, వారిలో కొందరు ఆసుపత్రిలో చేరడానికి దాదాపు మరో వారం, మరణాలు నమోదు కావడానికి అంతకు మించిన కాలం పడుతుంది కనుక, ఈనాటి మరణాల సంఖ్య కొన్ని వారాల కిందటి వ్యాప్తినే తెలుపుతుంది. పాజిటివిటీ రేటు, అంటే జరిపిన పరీక్షల్లో వ్యాధి నిర్ధారణ అయినవాటి శాతం, త్వరగా అందే సూచికే అయినా, పరీక్షలు ఎవరికి, ఎన్ని చేశారన్నదాన్ని బట్టి మారిపోతుంది.

ఈ జాప్యాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నది 2021 ఫిబ్రవరి 22న బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ ఇంగ్లండ్‌కు ప్రకటించిన నాలుగు దశల ప్రణాళిక. దశకూ దశకూ మధ్య కనీసం ఐదు వారాల ఎడం ఉండాలని, అందులో నాలుగు వారాలు అంతకుముందరి సడలింపు ఫలితం గణాంకాల్లో తేలడానికి, ఒక వారం ప్రజలు, వ్యాపారులు సిద్ధపడటానికి అని అందులో నిర్దేశించారు. టీకాల పంపిణీ సాగుతున్నదా, అవి ఆసుపత్రి చేరికలను, మరణాలను తగ్గిస్తున్నాయా, ఆసుపత్రులు భారం మోయగలవా, కొత్త రకాల వైరస్ ముప్పు అంచనాను తలకిందులు చేస్తున్నదా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చూసుకున్నాకే ముందడుగు వేయాలన్నది నియమం.

జూన్ 21న జరగవలసిన చివరి సడలింపును డెల్టా రకం కారణంగా జులై 19కి వాయిదా వేయడంతో ఆ నియమం పరీక్షకు నిలిచింది. లక్షణాలతో కూడిన డెల్టా వ్యాధి నుంచి ఒక డోసు టీకా సుమారు 33 శాతం రక్షణే ఇస్తుండగా, రెండు డోసుల ఫైజర్ 88 శాతం, భారత్‌లో కొవిషీల్డ్ పేరుతో వాడిన ఆస్ట్రాజెనెకా 60 శాతం ఇస్తున్నాయని నాటి అధ్యయనం తేల్చినందున, ఆ నాలుగు వారాలూ రెండో డోసు మరింతమందికి అందించడానికి ఉపయోగపడ్డాయి. ఆ తరువాత కేసులు భారీగానే కొనసాగినా మరణాలు జనవరి నాటి స్థాయికి చేరలేదు.

అదే జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం 20వ తేదీ నుంచి లాక్‌డౌన్‌ను ఒక్కసారిగా ఎత్తివేయగా, ఆంధ్రప్రదేశ్ జులై ఆరంభంలో పాజిటివిటీ ఐదు శాతం లోపున్న జిల్లాలకు ఎక్కువ వెసులుబాటు, మించినవాటికి తక్కువ వెసులుబాటు ఇచ్చింది. జిల్లాలవారీ పద్ధతి స్థానిక స్థితికి దగ్గరగా ఉన్నా, రాకపోకలకు జిల్లా సరిహద్దు అడ్డు కానప్పుడు, పరీక్షల తీరు అంతటా ఒకేలా లేనప్పుడు ఆ ఒక్క అంకెపైనే భారం వేయడం సరికాదు.

ఇంగ్లండ్ ప్రణాళికలోనూ ఒక లోపం ఉంది. సడలింపులు వెనక్కి మళ్ళకూడదన్నదే తన ఉద్దేశమని జాన్సన్ చెప్పినా, ఒమిక్రాన్ రాకతో నవంబరు చివర మాస్కులు, డిసెంబరులో ఇంటి నుంచి పని వంటి నిబంధనలు తిరిగి వచ్చాయి. అయితే అవసరమైతే వాటిని అమలు చేస్తామని సెప్టెంబరులోనే ప్రకటించి ఉండటం వల్ల అవి ఎవరూ ఊహించనివి కాలేదు. ఏ స్థితిలో ఆంక్షలు తొలగిస్తారో చెప్పే ప్రభుత్వం, ఏ స్థితిలో మళ్ళీ విధిస్తుందో కూడా అదే రోజున చెప్పడం ఈ అనుభవం నేర్పే విధానం.