బొమ్మలో పంట ఉంది, అప్పు ఏదీ?

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పల్లె బతుకు ఎలా సాగిందో కళ్లారా చూడాలంటే, కొయ్య మీద చెక్కి అచ్చు వేసిన నాటి పత్రికల బొమ్మలు తిరగేయాలి. ఫొటోలను అక్షరాల పక్కనే అచ్చువేసే వీలు అప్పటికింకా రాలేదు. 1855లో పుట్టిన ఫ్రాంక్ లెస్లీ సచిత్ర వారపత్రిక, 1857లో పుట్టిన హార్పర్స్ వీక్లీ ఈ బొమ్మల మీదనే బతికాయి. రెండూ న్యూయార్కు పత్రికలే.

ఆ బొమ్మల వెనుక కూలి శ్రమ ఉంది. బాక్స్‌వుడ్ అనే గట్టి కొయ్యను అడ్డంగా కోసి, చిన్న చిన్న దిమ్మెలను కలిపి బిగించి, వాటి మీద బొమ్మ గీసేవారు. తొందర పనైతే దిమ్మెలు విడదీసి తలా ఒకటి పంచేవారు. చెక్కడం కాగానే మళ్లీ బిగించి అతుకులు కలిపేవారు. చిత్రకారుడి పేరు నిలిచింది. ఉలి పట్టిన వాళ్ల పేర్లు చాలామట్టుకు మరుగునపడ్డాయి.

ఇక బొమ్మల్లో ఏముంది? విన్‌స్లో హోమర్ 1870లో హార్పర్స్ వీక్లీకి గీసిన 'డిన్నర్ హార్న్'లో ఒక పల్లెపడుచు బూర ఊది, పనిలో ఉన్నవాళ్లను భోజనానికి పిలుస్తూంటుంది. చూడ్డానికి ముచ్చటేస్తుంది. కాని పండిన గింజ ఏ ధరకు పోయిందో, రైలు కంపెనీ కిరాయి కింద ఎంత గుంజుకుందో, భూమి ఎవరి దగ్గర తాకట్టులో ఉందో ఆ బొమ్మ చెప్పదు.

1867లో అదే పత్రిక ఆల్ఫ్రెడ్ వాడ్ గీసిన పత్తితోట దృశ్యాలు వేసింది. బానిసత్వం రద్దయింది 1865 చివర్లోనే. తోటలో చెమటోడ్చేది నల్లజాతి శ్రమజీవులు; దక్షిణాదిన భూమి మాత్రం చాలాచోట్ల పాత దొరలదే. పనిచేసే చేతులు బొమ్మకెక్కాయి, పట్టా ఎక్కలేదు.

అయితే రైతు కదిలితే బొమ్మా మారింది. 1867లో పుట్టిన గ్రేంజ్ సంఘం రైలు కిరాయిల మీద, ధాన్యం గిడ్డంగుల వసూళ్ల మీద రైతులను కూడగట్టింది. 1873లో లెస్లీ పత్రిక ఇల్లినాయ్ రాష్ట్రంలో వించెస్టర్ దగ్గర అడవిలో జరిగిన గ్రేంజ్ సభ బొమ్మ వేసింది. అందులో రైతులు నాగలి పట్టి కాదు, సభ తీరి కనిపిస్తారు. గిడ్డంగుల రేట్లకు రాష్ట్రం హద్దు పెట్టవచ్చునని 1877లో మన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోక తప్పలేదు. పోరు అంతటితో తీరలేదు. రాష్ట్రాల సరిహద్దు దాటే రైలు కిరాయిల విషయంలో 1886లో అదే కోర్టు రాష్ట్రాల చేతులు కట్టేసింది.

కనుక ఈ బొమ్మలను అవతల పారెయ్యనక్కర్లేదు, చూసి మురిసిపోనూ అక్కర్లేదు. వంగిన నడుమును అందంగా చూపడం పట్నపు పత్రికకు తేలికే. ఆ నడుము నిటారైన రోజున కూడా బొమ్మ వేస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష. రైతు బొమ్మ ఎదురైనప్పుడల్లా ఒక్క మాట అడగండి: ఈ పంట సరే, దీని లెక్క రాసింది ఎవరు?