నేను ఆ సాక్ష్యం చెప్పను

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక పెద్దాయన నన్ను గుమ్మం దగ్గర ఆపారు. "అమ్మా, వచ్చే వారం నీ సాక్ష్యం పెట్టుకున్నాం. ఆఫ్రికా దారిలో చావు దాకా వెళ్ళొచ్చావు కదా, మందులు చెయ్యలేనిది ప్రార్థన చేసిందని చెప్పు, పదిమందికి విశ్వాసం పెరుగుతుంది" అన్నారు. "అలా జరగలేదండీ" అన్నాను. ఆయన నవ్వేసి, "నువ్వు చెప్పు తల్లీ" అంటూ చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసేస్తున్నాను. చదివాక మీరే చెప్పండి, నేను అక్కడ నిలబడి ఏం చెప్పాలో.

కెన్యాలో కిసుము దగ్గరి పల్లెల్లో పిల్లలకు వీబీఎస్, ఆడవాళ్ళకు కుట్టు క్లాసులు. పన్నెండుమందిమి బయల్దేరాం, అందులో ఆడవాళ్ళం నలుగురం. రెండేళ్ళు చీటీ కట్టి నా ఖర్చు నేనే కూడబెట్టుకున్నాను. గుంటూరు నుంచి బస్సులో హైదరాబాదు, అక్కడి నుంచి ముంబయి, ముంబయి నుంచి అడిస్ అబాబా, అక్కడ విమానం మారి నైరోబీ. దారి అదీ.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఒంటికి వెళ్తే మంట. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్ళు తాగాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆపేస్తారని కొంత, ఇదొక చెప్పుకునే జబ్బా అని కొంత. పైగా బస్సెక్కే ముందు నీళ్ళు తాగకూడదని మా అమ్మ నాకు నేర్పింది, నేను నా కూతురికి నేర్పాను. మీలో ఎంతమంది నేర్పలేదు? దారిలో శుభ్రమైన బాత్రూం దొరకదు, బస్సు ఆపమని అడగడానికి నోరు రాదు. అందుకని ఎండిపోయిన గొంతుతో కూర్చుంటాం. ఆ రోజూ అలాగే కూర్చున్నాను.

ముంబయిలో చలి మొదలైంది. పాస్టరమ్మ గారికి "కొంచెం నలతగా ఉందమ్మా" అన్నాను. డోలో ఇచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మంచి మనిషి, ఆవిడకు తెలిసింది ఆవిడ చేశారు. పక్కనున్న ఒక బ్రదర్ మాత్రం, "ఇది సైతాను అడ్డంకి సిస్టర్, వెనక్కి తగ్గారంటే వాడు గెలిచినట్టే" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంక నా నోరు ఎలా లేస్తుంది? జ్వరం ఉందని చెప్పడం సైతాను పక్షాన మాట్లాడటం అయిపోయింది.

విమానంలో మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. కుడివైపు నడుము పైన ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. రెండుసార్లు వాంతి. అడిస్ అబాబాలో దిగినప్పుడు చక్రాల కుర్చీలో దించారు. బీపీ బాగా పడిపోయిందని విమానాశ్రయం డాక్టరు అంబులెన్సులో ఆసుపత్రికి పంపాడు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ డాక్టరు ఇంగ్లీషులో అడుగుతుంటే మా బృందంలో ఒక తమ్ముడు తెలుగులో చెప్తున్నాడు. "మూత్రంలో మంట ఉందా అని అడుగుతున్నారక్కా" అన్నాడు తల వంచుకుని. నేను "లేదు" అన్నాను.

చావు మంచం మీద పడుకుని కూడా సిగ్గుపడ్డాను అమ్మా. మలేరియా ఉందేమోనని రక్తం తీశారు. అంతలో ఒక నర్సమ్మ నా మొహం చూసి ఏం అర్థం చేసుకుందో, ఆ అబ్బాయిని బయటికి పంపి తెర లాగేసింది. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి కళ్ళతోనే అడిగింది. అప్పుడు తలూపాను. "అయ్‌జోష్" అంది. తర్వాత తెలిసింది, వాళ్ళ భాషలో ఆడవాళ్ళకు ధైర్యం చెప్పే మాటట అది. నన్ను బతికించిన వాళ్ళ లెక్క తీస్తే ఆవిడ మొదట వస్తుంది.

మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి రక్తంలో కలిసిందన్నారు. ఎనిమిది రోజులు నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు. నాకు షుగర్ ఉందన్న సంగతీ అక్కడే తెలిసింది. మావారికి ఏటా పరీక్షలు చేయిస్తాను, ఆయన ఫైలు నాకు కంఠతా వచ్చు. నాకు ఫైలే లేదు. ఆడవాళ్ళ శరీర నిర్మాణం వల్లే ఈ జబ్బు మగవాళ్ళకన్నా మనకు ఎక్కువ వస్తుందని, షుగర్ ఉంటే ఇంకా తేలిగ్గా ముదురుతుందని డాక్టరు చెప్తే, నలభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి విన్నాను. తొలి రోజే చూపించుకుని ఉంటే కొద్దిరోజుల మాత్రలతో పోయేదిట.

బృందం మర్నాడు నైరోబీ వెళ్ళిపోయింది. వాళ్ళను తప్పు పట్టను, అక్కడ ఎదురుచూసే పిల్లలున్నారు. కుట్టు నేర్పే అక్క ఒకావిడ మాత్రం తన ప్రయాణం మానుకుని నా మంచం పక్కన ఉండిపోయింది. బిల్లు మావారు నా గాజులు తాకట్టు పెట్టి, పిల్ల ఫీజు కోసం దాచింది తీసి పంపారు. బయల్దేరేముందు ఆయన ఇన్సూరెన్సు తీసుకుందామంటే మీటింగులో ఒకరు, "దేవుని పని మీద వెళ్తూ ఇన్సూరెన్సేమిటండీ" అన్నారు, అందరూ నవ్వారు, మావారు ఊరుకున్నారు. మరి ఎల్లో ఫీవర్ టీకా పన్నెండుమందిమీ పది రోజుల ముందే వేయించుకున్నామే! ఆ పసుపు కార్డు లేకపోతే తిరిగొచ్చాక మనవాళ్ళే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారని. అధికారి అడిగే టీకాకి అడ్డురాని విశ్వాసం, భర్త అడిగిన ఇన్సూరెన్సుకి ఎందుకు అడ్డొచ్చింది?

బైబిలు చదివే వాళ్ళకే ఈ మాట. త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో విడిచి వచ్చానని పౌలు రాశాడా లేదా? తిమోతికి కడుపు జబ్బుకు ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడా లేదా? ఎపఫ్రొదితు పౌలుకు సహాయం తీసుకెళ్ళి అక్కడ చావుకు సిద్ధమయ్యేంత రోగి అయ్యాడు. నాలాగే పరదేశంలో, పరిచర్య దారిలో. అతనికి విశ్వాసం తక్కువైందని పౌలు అనలేదు, సన్మానించమని రాశాడు. పౌలుతో తిరిగిన లూకా ఎవరు? వైద్యుడు. ఆయన పెట్టె మూసేసి ప్రయాణం చెయ్యమని ఎవరు చెప్పారు?

మా గుంటూరుకే రండి. 1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ ఇక్కడికొచ్చింది. వైద్యం కోసం ఆమెను పంపడానికి మిషన్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు, టీచరుగా పంపారు. ఆమె ఊరుకోలేదు. మగ డాక్టరుకు ఒళ్ళు చూపించుకోలేక గదుల్లో చచ్చిపోతున్న ఆడవాళ్ళకు వైద్యం చేసి ఆసుపత్రి కట్టించింది. ఆ ఆసుపత్రి ఉన్న ఊళ్ళో కూర్చుని, మందు పేరు ఎత్తకుండా సాక్ష్యం చెప్పమంటారు నన్ను.

విలియం కేరీ పేరు వినపడని మిషన్ సభ లేదు. ఆయన భార్య డొరతి పేరు ఎన్నిసార్లు విన్నారు? 1793లో మొదట రానని, చివరికి చంటిబిడ్డతో ఓడెక్కింది. మరుసటి ఏడాదే ఐదేళ్ళ కొడుకు పోయాడు. ఆమె మనసు చెదిరింది, మళ్ళీ కుదుటపడలేదు. 1807లో శ్రీరాంపూర్లో పోయింది. ఆమె సాక్ష్యం ఏ సభలోనూ పెట్టుకోరు.

ఇంకో వైపు చుట్టాలున్నారు. "పిల్లల్ని వదిలి దేశాలు పట్టుకు తిరిగితే ఇంతే" అని మా వదిన. మా ఆడపడుచు భర్త వ్యాపారం మీద వెళ్ళి డెంగ్యూతో వస్తే ఈ మాట ఎవరూ అనలేదే? ఆయనకు బత్తాయిలు తీసుకెళ్ళింది ఈ వదినే.

నేను ప్రార్థనను తక్కువ చెయ్యడం లేదు. ఆ ఎనిమిది రాత్రులూ అక్క నా చెయ్యి పట్టుకుని చేసిన ప్రార్థన నాకు తెలుసు. కానీ సెలైన్ బాటిల్ కనపడకుండా దాచేసి చెప్పే సాక్ష్యం విని రేపు ఏ పిల్లో మంటను దాచుకుని ఉపవాసం కూర్చుంటే?

నిన్న సాయంత్రం పెద్దాయనకు ఫోన్ చేసి, చెప్తాను కానీ మంట దగ్గర్నుంచి మొదలుపెడతానని అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "అవన్నీ ఆడవాళ్ళ విషయాలమ్మా, సభలో ఎలా?" అన్నారు. "సభలో సగానికి పైగా కూర్చునేది ఆడవాళ్ళేనండీ" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. పాస్టరు గారిని అడిగి చెప్తానన్నారు.

ఇవాళ గురువారం. ఫోను ఇంకా రాలేదు.