పరపతికి పథ్యం

కిందటి నెల ఈ శీర్షికలో నిద్ర పట్టకపోవడం గురించి రాశాం. అది చదివి రిచ్‌మండ్ హిల్‌లోనే ఉండే ఒక మిత్రుడు ఫోన్ చేశారు. "డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే సాయంత్రం కాఫీ మానేశాను. అయినా నిద్ర లేదు. నాది కాఫీ జబ్బు కాదండీ, అప్పుల జబ్బు" అన్నారు. దివాలా ప్రకటించి ఏడాదయిందట. ఎవరికీ చెప్పుకోలేదట. మేమూ ఆ దారిన వచ్చినవాళ్లమేనంటే కాసేపు ఆయన నోట మాట రాలేదు. అందుకని ఈసారి ఒంటి సంగతి పక్కన పెట్టి మా ఇంటి సంగతి రాస్తున్నాం.

మేము 2017లో వచ్చాం. ఇక్కడి వైద్య పరీక్షలు రాస్తూ, రెసిడెన్సీ కోసం ఏటా దరఖాస్తు పెడుతూ, క్రెడిట్ కార్డుల మీద ఇల్లు నడిపాం. అది చాలదన్నట్టు ఒక స్నేహితుడితో కలిసి టిఫిన్ హోటలు పెట్టాం. 2020లో కరోనా దాన్ని మూయించింది. దాని అద్దెకు హామీ సంతకం మాదే. 2021లో లైసెన్సు ఉన్న ఇన్సాల్వెన్సీ ట్రస్టీ దగ్గరికి వెళ్లి కార్డులన్నీ అప్పగించి వచ్చాం. మొదటిసారి దివాలా, పైగా ఆదాయం ప్రభుత్వం పెట్టిన హద్దు దాటలేదు కనుక 9 నెలలకు విముక్తి దొరికింది. హద్దు దాటితే 21 నెలలు. (దివాలా దాకా పోకుండా బాకీలో కొంత భాగం 5 ఏళ్లలోపు కట్టేటట్టు ఒప్పందం చేసుకునే పద్ధతీ ఉంది. నిలకడైన ఉద్యోగం ఉన్నవాళ్లు ముందు దాని సంగతి అడగాలి.)

చట్టం వదిలినా మాట వదల్లేదు. మన వైపు "ఐ.పి. పెట్టాడు" అంటారు. 1920 నాటి చట్టం కింద కోర్టులో వేసే ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు అది పొట్టిపేరు. వాడుకలో మాత్రం నలుగురి సొమ్మూ మింగినవాడని అర్థం. తెనాలి నుంచి అమ్మ "మన ఇంటా వంటా లేదురా" అని ఏడ్చింది. బేవ్యూ రోడ్డు మీది గణేశుని గుడికి ఆరు నెలలు వెళ్లలేదు మేము.

ఆ సిగ్గుతోనే పెద్ద పొరపాటు చేశాం. ఇక కార్డు ముట్టమని ఒట్టు పెట్టుకుని ఏడాది పాటు నోట్లతో, డెబిట్ కార్డుతో గడిపాం. అదే నిగ్రహం అనుకున్నాం. 2023లో మా పాప బడి కోసం ఇల్లు మారబోతే ఆ ఇంటి యజమాని క్రెడిట్ రిపోర్టు చూసి కుదరదన్నాడు. అందులో దివాలా ఒక్కటే ఉంది. ఆ తరవాత మేము బతికి ఉన్న జాడే లేదు! డెబిట్ కార్డుతో ఎంత బుద్ధిగా ఖర్చు పెట్టినా రిపోర్టుకెక్కదు. ముందే డబ్బు నింపుకునే ప్రీపెయిడ్ కార్డూ అంతే.

అప్పుడు డిపాజిట్ కార్డు తెచ్చుకున్నాం. 500 డాలర్లు కడితే 500 వరకు వాడుకోవచ్చు. మన డబ్బు పెట్టి మన దగ్గరే అప్పు తెచ్చుకోవడమేమిటని మొదట నవ్వొచ్చింది. కానీ ఆ డిపాజిట్ మన బిల్లు కట్టదు. గడువు తప్పితే తప్పినట్టే రాసుకుంటారు, వడ్డీ పడుతుంది. దాని మీద ఫోను బిల్లు ఒక్కటే వేశాం. హద్దులో 30 శాతం, అంటే 150 డాలర్లు, దాటనివ్వలేదు. బిల్లు వచ్చాక కనీసం 21 రోజుల గడువుంటుంది. కనీసపు మొత్తం కాదు, బిల్లంతా కట్టేవాళ్లం. కార్డు మాత్రం పోపులపెట్టె వెనకాల ఉండేది. దాంతో నగదు తీయనేకూడదు, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. తీసుకునే ముందు ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ రెండింటికీ లెక్క పంపుతారా, ఏడాది రుసుమెంత, డిపాజిట్ ఎప్పుడిస్తారు అని అడగాలి. కంగారుపడి నాలుగు చోట్ల దరఖాస్తు పెడితే ఆ దరఖాస్తులూ రిపోర్టుకెక్కుతాయి. ఇక డబ్బు తీసుకుని దివాలా మచ్చ చెరిపేస్తామనేవాళ్ల గుమ్మం తొక్కొద్దు. ఉన్న నిజాన్ని ఎవరూ చెరపలేరు. విముక్తి తరవాత అది ఒంటారియోలో 6, 7 ఏళ్లు ఉండి తనంతట తనే పోతుంది.

ఏడాదిన్నరకు డిపాజిట్ తిరిగిచ్చారు. 2025లో బడి దగ్గర ఇల్లు దొరికింది. దివాలా ఇంకా రిపోర్టులోనే ఉంది. దాని కింద నెలనెలా కట్టిన వరసా ఉంది.

పోయిన శనివారం ఆ మిత్రుడు మా ఇంటికి వచ్చారు. ఇద్దరం కూర్చుని ఆయన రిపోర్టు తెప్పించుకున్నాం, దానికి డబ్బక్కర్లేదు. దివాలాలో పోయిన బాకీ ఒకటి ఇంకా కట్టవలసినట్టే చూపిస్తోంది. విముక్తి పత్రం నకలు జతచేసి, సరిదిద్దమని ఉత్తరం రాశాం. జవాబు కోసం చూస్తున్నాం.