హాజరు పలుకని బాలిక



ప్రతి మాసమును ఏదో యొక కావ్యమును గూర్చియో, ఇంటి మాటను గూర్చియో వ్రాయు నేను ఈ మాసము అమెరికా దేశపు పాటల సంపుటమును గూర్చి వ్రాయుట మీకు వింతగ తోచవచ్చును. నాకును వింతగనే యున్నది. సెలవులకు వచ్చిన మా చెల్లెలి కుమార్తె తన ఫోనును నా చెవియొద్ద పెట్టి, "పెద్దమ్మా, ఇది బడిని గూర్చినది, నీవు వినవలసినదే" యని పట్టుపట్టెను. మొదట వినవచ్చినది పాట కాదు, బడిగంట. పిమ్మట ఉపాధ్యాయుడొకడు పిల్లల పేళ్లు పిలుచుచుండెను, పిల్లలు పలుకుచుండిరి. లోరిన్ హిల్ అను పేరు వచ్చెను. బదులు లేదు. మరల పిలిచెను. అప్పుడును లేదు. ప్రక్క గదిలో జవాబు కాగితములు దిద్దుకొనుచున్న మావారు కలము ఆపి, "ఎవరా రాని పిల్ల?" యని యడిగిరి.

ఆ రాని పిల్లయే ఈ సంపుటమును రచించి పాడినది. దీని పేరు "ది మిసెడ్యుకేషన్ ఆఫ్ లోరిన్ హిల్", అనగా లోరిన్ హిల్ నేర్చిన తప్పుచదువు. 1933లో కార్టర్ వుడ్సన్ అను చరిత్రకారుడు, బడులలో చెప్పు చదువు నల్లజాతివారు తమ్ము తామే తక్కువగ ఎంచుకొనునట్లు చేయుచున్నదని ఒక గ్రంథము వ్రాసెను. ఆ గ్రంథనామమే ఈ పేరునకు మూలము.

హిప్ హాప్ అనునది 1970 తరువాత న్యూయార్కు నగరమున బ్రాంక్సు పేటలో పేదపిల్లల నడుమ పుట్టిన కళ. మద్దెల మోత వంటి దరువు సాగుచుండగా తాళము తప్పక, ప్రాసలు కూర్చి, మాటలను ఉరవడిగ చెప్పుకొనిపోవుదురు. బుర్రకథ విన్నవారికి ఆ ఊపు కొంత తెలియును. ఇందు పెత్తనము మగవారిది. ఆడువారిని తూలనాడు మాటలును తరచు వినవచ్చును. అందుచేత నావంటివారు చెవులు మూసికొందురు. నేనును మొన్నటివరకు మూసికొన్నదాననే.

లోరిన్ 1975లో న్యూజెర్సీ రాష్ట్రమున పుట్టినది. తల్లి బడిలో ఇంగ్లీషు చెప్పెడిది. ఇరువదియొకటవ యేటికే ఇద్దరు మగవారితో కలిసి ఫ్యూజీస్ అను మేళముగ 1996లో వెలువరించిన సంపుటముచేత ఆమె పేరు దేశదేశముల వ్యాపించెను. మరుసటి యేడు ఆగస్టులో కొడుకు కలిగెను. పిల్లవాని పేరు జయాన్. తెలుగు బైబిలులో సీయోను అని యున్నది అదియే. వృత్తి పైకి వచ్చుచున్న వేళ బిడ్డ యెందులకని పలువురు తనకు హితవు చెప్పిరనియు, తాను వినలేదనియు ఆమెయే ఆ బిడ్డ పేరిట కట్టిన పాటలో చెప్పుకొన్నది. ఆ పాటకు గిటారు వాయించినవాడు కార్లోస్ సంతానా.

ఈచోట నేను కొంతసేపు ఆగితిని. మన యిండ్లలో బిడ్డ పుట్టినది గదా, ఇక చదువెందులకందురు. అచట పాట యున్నది గదా, బిడ్డ యెందులకనిరి. ఏదో యొకటి విడువుమనుట మాత్రము రెండు చోట్లను ఒక్కటే. మా పెద్దవాడు పుట్టిన యేట మనుచరిత్రము మూడవ యాశ్వాసమున నేను గుర్తుగ పెట్టిన నెమలియీక ఆరేండ్లు అచటనే యుండెను. లోరిన్ రెండింటిలో దేనిని విడువలేదు. చంటిబిడ్డ యుండగనే 1997 చివర పని మొదలిడి, న్యూయార్కునందును, జమైకా దీవిలో కింగ్‌స్టన్ నగరమున బాబ్ మార్లీ నెలకొల్పిన టఫ్ గాంగ్ శాలయందును పాటలను ముద్రింపించెను. బాబ్ మార్లీ ఆ పసివానికి తాత. సంపుటము వెలువడునాటికి ఆమె రెండవ బిడ్డను మోయుచుండెను.

పాటలకు పాటలకు నడుమ బడి నడచుచుండును. ఉపాధ్యాయుడు పిల్లలను, ప్రేమ యనగానేమి యని యడుగును. వారు నవ్వుచు, వాదించుకొనుచు, తోచినది చెప్పుదురు. ఇది వ్రాసి చదివించినది కాదు. ఆమె యింటనే పిల్లలను కూర్చుండబెట్టి, రాస్ బరాకా అను నిజమైన ఉపాధ్యాయునిచేత అడిగించి పట్టినది. ఆయన 2014లో నూవార్కు నగరమునకు మేయరుగ ఎన్నికయ్యెను. "పిల్లలను మాటాడనిచ్చు పంతులు" అని మావారు మెచ్చుకొనిరి. ఆయన తరగతిలో అంత సందడి సాగునో లేదో నేను చెప్పను.

1998 ఆగస్టు 25వ తేదీన సంపుటము వెలువడెను. మొదటి వారముననే 4,22,000కు పైగా ప్రతులు చెల్లి, అమెరికా పట్టికలో మొదటి స్థానమున నిలిచెను. మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ బహుమతులు పదింటికి ఆమె పేరు పరిశీలనకు రాగా అయిదు లభించెను. ఒక్క రేయి అయిదు గెలిచిన మొదటి స్త్రీ ఆమెయే. సంవత్సరపు మేటి సంపుటమను బహుమతి హిప్ హాప్ నకు లభించుటయు అదియే మొదలు. ఉపదేశము హెచ్చినదని ఆక్షేపించినవారును లేకపోలేదు.

అయితే నా మనస్సునకు ముల్లువలె తగిలిన సంగతి వేరు. 1998లోనే నలుగురు సంగీతకారులు, ఈ పాటలలో తమ కూర్పు చాల యున్నదనియు, రచయితలుగ తమకు తగిన పేరు రాలేదనియు న్యాయస్థానమునకు పోయిరి. 2001లో వ్యాజ్యము రాజీపడెను. ఈ రంగమున స్త్రీ యొక పని చేసినచో, వెనుక చేసిపెట్టిన పురుషుడెవడని వెదకుట వాడుక. ఆ వాడుకను ఎరిగినది గనుకనే పేరును గట్టిగ పట్టుకొన్నదేమో యని నా యూహ. అయినను నాకు నన్నయభట్టారకుడు జ్ఞప్తికి వచ్చెను. భారతరచనమున నారాయణభట్టు తనకు, యుద్ధమున అర్జునునకు కృష్ణునివలె తోడ్పడెనని ఆయన అవతారికలోనే చెప్పుకొనెను. దానిచేత నన్నయ కీర్తి తరిగినదా? అయిదు బహుమతులు గెలిచిన చేతికి నాలుగు పేళ్లు వ్రాయుట బరువు కాకూడదు. ఈ మాట అనగా మా చెల్లెలి కుమార్తె నాపై కోపించినది. అయినను వెనుకకు తీసికొనను.

2015లో అమెరికా జాతీయ గ్రంథాలయము దీనిని భద్రపరుపదగిన ధ్వనిముద్రణములలో చేర్చెను. 2021 నాటికి ఆ దేశమున 1 కోటి ప్రతుల లెక్క చేరినది. 2002లో సభలో పాడిన పాటల సంపుటమొకటి వచ్చినదే గాని, ఇట్లు శాలలో కూర్చి ఒంటరిగ వెలువరించిన రెండవ సంపుటము నేటికిని లేదు.

పిల్ల ఊరికి పోవుచు ఆ పాటలను నా ఫోనులో ఉంచి పోయినది. మధ్యాహ్నము పప్పు ఏరుకొనుచు బిడ్డ పాటను రెండు మారులు వింటిని. నడుమ మావారు వచ్చి, "ఆ పిల్ల హాజరు పలికినదా?" యని యడిగిరి. వినుచున్నాననియు, పలుకరింపవలదనియు చేయి చూపితిని.