మంచి ప్రతి యెవరికి?

పాత పుస్తకములు కూడబెట్టువారిలో నొక గట్టి నమ్మకము కలదు. ఏ గ్రంథమునకైనను మొదటి ముద్రణమే మేలైనదనియు, తరువాతివి దానికి దీటు రావనియు వారందురు. మేమును పుస్తకముల నేరి కూర్చుకొనువారమే. అయినను ఈ మాట సగము మాత్రమే నిజమని మా యభిప్రాయము. ఒకే కథయొక్క వేర్వేరు ముద్రణములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో, ఏది ముందు వచ్చిన దన్న ప్రశ్నకంటె, ఏది శ్రద్ధతో వచ్చినది, అది యెవరి చేతికి బోయినది యను ప్రశ్నలే ముఖ్యములని తోచును. ఇందులకు బాలబాలికలకు ప్రియమైన యొక సచిత్రాద్భుత కథను నిదర్శనముగా దీసికొందము.

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరములోని క్రైస్టుచర్చి కళాశాలయందు గణితము బోధించిన చార్లెస్ డాడ్జ్‌సన్ పండితుడు 1862వ సంవత్సరము జూలై 4వ తేదీని పడవలో విహరించుచు ముగ్గురు బాలికల కొక కథ చెప్పెను. వారిలో ఆలిస్ అను బాలిక కోరగా దానిని స్వహస్తముతో వ్రాసి, తానే 37 బొమ్మలు గీసి, 1864లో నామె కిచ్చెను. ఆ కథయే పెరిగి, లూయిస్ కారల్ అను మాఱుపేరుతో 1865లో “ఆలిస్ అద్భుతలోక సాహసములు”గా వెలువడెను. అచ్చుపుస్తకమునకు 42 చిత్రములు గీసినవాడు జాన్ టెనియల్. వానిని కొయ్యదిమ్మలపై చెక్కినవారు డాల్జియల్ సోదరులు. దిమ్మలు అరిగిపోకుండుటకై వానినుండి విద్యుత్ప్రక్రియచే రాగి ప్రతిరూపములు చేసి, వానితోనే యచ్చువేసిరి.

మొదటి 2,000 ప్రతులు ఆక్స్‌ఫర్డులోని క్లారెండన్ ముద్రణాలయమున అచ్చయ్యెను. ఆ యేడు జూలైలో టెనియల్ ప్రతిని జూచి, బొమ్మలు సరిగా పడలేదని కారల్‌నకు దెలిపెను. కొన్నిచోట్ల సిరా హెచ్చు, కొన్నిచోట్ల తక్కువ యని వానిని పరీక్షించినవారు చెప్పుదురు. అచ్చుఖర్చంతయు కారల్ తానే భరించుచుండెను. ఈ పనివలన 200 పౌనులు నష్టపోవుదునేమో యని దినచర్యలో లెక్కవేసికొనెను. అయినను వెనుదీయక, ఆ ముద్రణము నాపించి, బహుమానముగా నిచ్చిన ప్రతులను సైతము మిత్రులనుండి తిరిగి తెప్పించెను. పిదప రిచర్డు క్లే యను వేఱొక ముద్రాపకునిచే పుస్తకమును మరల అచ్చువేయించెను. ఇది 1865 నవంబరులోనే వెలువడినను దీని ముఖపత్రముపై 1866 అని యుండును.

ఇచ్చట నొక వింత కలదు. త్రోసివేయబడిన ముద్రణములో బైండుకాక మిగిలిన ఫారములను న్యూయార్కు నగరపు ఆపిల్టన్ సంస్థవారు కొని, 1866 సంవత్సరముగల క్రొత్త ముఖపత్రమును చేర్చి తమ దేశమున నమ్మిరి. కాబట్టి లండను ప్రతిపైనను 1866, న్యూయార్కు ప్రతిపైనను 1866. కాని లోపలి కాగితములలో నొకటి క్లే ముద్రించినది, రెండవది టెనియల్ కాదన్నది. ముఖపత్రము మాత్రమే చూచువాడు రెండును ఒకటే యనును. పుటలు త్రిప్పి గీతగీతకు బొమ్మలను పోల్చువానికే నిజము దెలియును. పుస్తకముల విషయమునందే కాదు, మనుష్యుల విషయమునందును ఈ నీతి పనికివచ్చును.

ఇంతకంటె వింత మఱియొకటి. 1865 ముఖపత్రముగల లండను ప్రతులలో ఇరువదింటికి కొంచెము పైగా మాత్రమే నేడు మిగిలియున్నట్లు తెలియుచున్నది. వానిలో నొకటి వేలమునకు వచ్చినచో సంపన్నులు పోటీపడుదురు. అనగా గ్రంథకర్తయు చిత్రకారుడును పనికిరాదని త్రోసినదానికే యన్నిటికంటె నెక్కువ వెల! అరుదైనందున వెల పెరుగునుగాని గుణము పెరుగదు. “అది చరిత్రకు సాక్ష్యము కాదా?” యని కొందఱడుగవచ్చును. నిశ్చయముగా సాక్ష్యమే, గాజుపెట్టెలో భద్రపఱుపదగినదే. కాని పిల్లవాని చేతికియ్యవలసివచ్చినపుడు మేము క్లే ముద్రణపు పద్ధతి ననుసరించిన ప్రతినే యెన్నుకొందుము.

అట్లని తరువాతి ముద్రణములన్నియు మేలైనవని తలపరాదు. ఈ కథలో నెలుక చెప్పు పద్యము తోకవలె వంకరలు తిరుగుచు, క్రమముగా సన్నని యక్షరములతో నచ్చుపడవలెను. రెండవ కథయగు “అద్దములోనుండి ఆలిస్” అను పుస్తకమున, బాలిక యద్దములోనికి బోవు బొమ్మ యొక పుటపైనను, ఆవలివైపునకు వచ్చు బొమ్మ యదే కాగితపు వెనుకవైపునను ఉంచబడినవి. కాగితము త్రిప్పుటయే యద్దము దాటుట. చోటు కలిసివచ్చునని ఈ రెండు బొమ్మలను ఎదురెదురు పుటలలో నుంచిన ముద్రాపకుడు ఒక్క యక్షరమైనను తీసివేయకయే కథలో నొక భాగమును తీసివేసినవాడగును.

అక్షరమొకటి మాఱినందున చమత్కారమే నశించిన యుదాహరణము గూడ కలదు. బొంతకాకికిని వ్రాతబల్లకును పోలిక యేమని యీ కథలో నొక పొడుపుకథ వచ్చును. దానికి విడుపు చెప్పుమని పెక్కుమంది యడుగగా, కారల్ 1896లో వ్రాసిన పీఠికయందు ఒక సమాధానము నిచ్చెను. అందులో “ఎన్నడును కాదు” అను నర్థముగల యాంగ్లపదమును కావలెననియే ఒక యక్షరము మార్చి వ్రాసెను. దానిని తలక్రిందుగా చదివినచో బొంతకాకి పేరు వచ్చును. తరువాత నచ్చువేసినవారు దీనిని అచ్చుతప్పని భావించి దిద్దివేసిరి. 1976లో నొక పరిశోధకుడు పాత ప్రతితో పోల్చిచూచువఱకు ఆ చమత్కారము మఱుగుపడియుండెను. తెలియనిది తప్పని తొందరపడి దిద్దువారు మన తరగతులలోను లేకపోలేదు.

ఇక మా ముఖ్యమైన సందేహమునకు వత్తము. 1865లో వెనుకకు వచ్చిన చెడ్డప్రతులను కారల్ ఆసుపత్రులలోని పిల్లలకు పంపెను. 1893లో “అద్దములోనుండి ఆలిస్” అరువదవ వేయి ప్రతులలో బొమ్మలు చెడెనని తెలిసికొని, కొన్నవారు వానిని తిప్పిపంపినచో మంచి ప్రతుల నిత్తుమని ప్రకటన చేయించెను. అమ్ముడుపోక మిగిలిన చెడ్డప్రతులను శ్రామికుల విద్యాసంస్థలకును, పుస్తకములు కొనజాలని పల్లెల పఠనమందిరములకును ఇచ్చెదమని యందులో దెలిపెను. ఇది దయయే యని మేమొప్పుకొందుము. ఏ పుస్తకమును లేనివానికి మసకబొమ్మల పుస్తకమైనను పండుగయే. కాని వెలనిచ్చి కొన్నవాని కంటికి తగని బొమ్మ, కొనలేనివాని కంటి కెట్లు తగును? ఆసుపత్రి మంచముపై నున్న బిడ్డ కండ్లును, ధనవంతుని బిడ్డ కండ్లును ఒక్కటే కదా!

దీనికి సరియైన జవాబు కారల్ పనియందే కలదు. మొదట ఈ పుస్తకము వెల 7 షిల్లింగుల 6 పెన్నీలు. 1887లో నతడు సామాన్యజనుల కొఱకై 2 షిల్లింగుల 6 పెన్నీలకే వేఱొక కూర్పును ప్రకటింపజేసెను. అదే కథ, టెనియల్ గీసిన యవే చిత్రములు. వెల మాత్రము మూడవవంతు. చెడినదానిని దానము చేయుటకంటె, మంచిదానిని చవుకగా నందజేయుటయే యెక్కువ గౌరవమని మా దృఢాభిప్రాయము. పుస్తకములు కూర్చువారు 1865 ప్రతికై తపింతురు. మేము మాత్రము ఈ 1887 ప్రతికే నమస్కరించెదము.

తల్లిదండ్రులకు మా మనవి యిది. పిల్లలకు పుస్తకము కొనునపుడు అట్ట రంగు చూచి మోసపోక, లోపలి రెండు బొమ్మలను వెలుతురునకు బట్టి చూడుడు. పాఠశాల గ్రంథాలయమునకు పుస్తకము లియ్యదలచినవారు, తమ బిడ్డ చేతికి సంతోషముతో నియ్యగల ప్రతినే యిత్తురుగాక. విద్యార్థులారా! మీకు దొరకిన పాత ప్రతిని క్రొత్తది వచ్చినదని పాఱవేయకుడు. రెంటిని ప్రక్కన బెట్టుకొని, ముఖపత్రము, సంవత్సరము, ముద్రాపకుని పేరు, బొమ్మల తావులు, అక్షరముల తేడాలు ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఇందులకు ధనము వలదు; ఓపిక చాలును. అట్లు పోల్చుట నేర్చినవాడు కాలక్రమమున నొక ముద్రాపకుడో, గ్రంథకర్తయో, ఉపాధ్యాయుడో యైనపుడు, “పిల్లలకే కదా, ఎట్లున్నను చాలును” అను మాట వాని నోట రాదు.