ఘట్టకుటీ ప్రభాతం



సంస్కృత లౌకిక న్యాయాలలో ఘట్టకుటీ ప్రభాత న్యాయమని ఒకటున్నది. సుంకం ఎగవేయదలచిన వర్తకుడొకడు రాచబాట విడిచి, చీకటిలో డొంకదారుల వెంట రాత్రంతా తిరిగి తిరిగి, తెల్లవారేసరికి ఏ సుంకపు పాకను తప్పించుకోవాలనుకొన్నాడో సరిగ్గా దాని వాకిటనే తేలాడట. మన దేశపు సెల్ ఫోను జేబులో వేసుకొని విదేశానికి పోయే మనిషి అవస్థకు ఇంతకన్న తగిన పోలిక నాకు కనబడలేదు. భేదం ఒక్కటే. ఆ వర్తకుడు రాజు సొమ్ము ఎగవేయాలనుకొన్నవాడు. ఈ ప్రయాణికుడు ఎవరి సొమ్మూ ఎగవేయడం లేదు. తన నంబరును తాను వాడుకోదలచాడు, అంతే.

ఈ సుంకానికి రోమింగ్ అని పేరు. సెల్ ఫోనును మనలో కొందరు జంగమవాణి అన్నారు. చక్కని మాట. జంగమునికి సంచారమే ధర్మం కదా! ఆ సంచారానికే జరిమానా వేస్తే అది జంగమవాణి ఎట్లా అవుతుంది? గుంజకు కట్టివేసిన స్థావరవాణి అవుతుంది.

“ఇంత గోల దేనికండీ? అక్కడ దిగగానే అక్కడి సిమ్ కొనుక్కోవచ్చు, లేదా ఈ-సిమ్ వేసుకోవచ్చు. మాట్లాడడానికి వాట్సాప్ ఉండనే ఉన్నది” అని యువకులు తేలికగా అంటారు. మాట్లాడుకోవడమే ఫోను ప్రయోజనమైన రోజులలో ఈ సలహా సరిపోయేది. ఇప్పుడు ఆ పదంకెల నంబరు ఇంటి తాళంచెవి. బ్యాంకు ఖాతా, ఆధార్, ఆదాయపు పన్ను, గ్యాసు బండ, అన్నీ దానికే ముడిపడి ఉన్నవి. పరదేశంలో ఉండి బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఇంటి పన్ను కార్డుతో చెల్లించాలన్నా ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. కనుక అమెరికా సిమ్ కొన్నవాడు కూడ స్వదేశపు సిమ్మును పారవేయలేడు. డొంకదారి పట్టినా, తెల్లవారేసరికి సుంకపు పాక వాకిట నిలబడవలసిందే.

వచ్చే సందేశానికి రుసుము లేదు కదా అనవచ్చు. ఆ సందేశం రావాలంటే నంబరు బతికి ఉండాలి. రీచార్జి గడువు మిగిలి ఉండాలి, రోమింగ్ తెరచి ఉండాలి. తెరచిన తలుపు గుండా సందేశమొక్కటే రాదు. స్థలం అమ్ముతారా అని అడిగే ఏజెంటు ఫోనూ వస్తుంది. ఎత్తితే నిమిషానికి ఇంత. డేటా రోమింగ్ మీట తెరచి ఉన్నదా, మనం నిద్రపోయినా ఫోను నిద్రపోదు. ఫొటోలు, యాప్‌ల కొత్త కూర్పులు తనంతట తానే దించుకొంటూ పోతుంది.

ఇంకొక వింత చూడండి. తండ్రి హైదరాబాదు సిమ్ముతో డాలస్‌లో కొడుకింట మేడ మీది గదిలో ఉన్నాడు. కొడుకు కింద వంటింట్లో నుండి ఆ నంబరుకు ఫోను చేశాడు. ఆ పిలుపు మేడ మెట్లెక్కదు. ముందు భారతదేశానికి పోతుంది. ఇక్కడి కంపెనీ తన పద్దు తిరగవేసి, ఈ చందాదారు అమెరికాలో ఫలానా నెట్‌వర్కులో ఉన్నాడని చూసుకొని, తిరిగి అమెరికాకే పంపుతుంది. ఇండియాకు చేసినందుకు కొడుకు, రోమింగులో అందుకొన్నందుకు తండ్రి, వారి వారి ప్లానులను బట్టి ఇద్దరూ చెల్లించుకోవాలి. మధ్యనున్నవి పన్నెండు మెట్లు!

విదేశీ నెట్‌వర్కు ఊరికే సేవ చేస్తుందా అని అడిగేవారికి నా సమాధానం: చేయదు, చేయనక్కరలేదు. అది మన కంపెనీ వద్ద టోకు ధర వసూలు చేసుకొంటుంది. ఆ టోకు ధరను రెండు కంపెనీలూ తమలో తాము కుదుర్చుకొంటాయి. చిల్లర ధరను మన కంపెనీ పెడుతుంది. చందాదారుకు రెండింటిలోనూ నోరు లేదు. పోటీయే ధర తగ్గిస్తుందన్న వాదం ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే రోమింగ్ ధర చూసి ఫోను కంపెనీని ఎంచుకొనేవారు లేరు. వీథిలో సిగ్నలు చూసి ఎంచుకొంటారు. విమానం దిగిన తరువాత ఇక చేతిలో ఏమీ ఉండదు.

ఈ సుంకం విధిలిఖితం కాదని ఐరోపా నిరూపించింది. 2007లో ఐరోపా సమాఖ్య గరిష్ఠ ధరలు విధించింది: చేసిన కాలుకు నిమిషానికి 49 సెంట్లు, అందుకొన్న కాలుకు 24 సెంట్లు. చందాదారు వేరే పరిమితి కోరుకోకపోతే డేటా బిల్లు 50 యూరోలు చేరగానే ఆపివేయాలన్న నియమాన్ని 2010లో అమలులోకి తెచ్చింది. టోకు ధరలకూ హద్దులు గీసింది. 2017 జూన్ 15 నుండి సభ్యదేశాల మధ్య అదనపు రోమింగ్ రుసుమునే తొలగించింది. 2022లో ఆ చట్టాన్ని 2032 దాకా పొడిగించింది. కంపెనీలు మూతబడలేదు.

దీనికి ప్రతిపక్ష నిదర్శనం బ్రిటన్. 2020 చివరితో ఆ దేశం ఐరోపా నిబంధనల నుండి బయటపడింది. 2022 వచ్చేసరికి అక్కడి పెద్ద కంపెనీలలో కొన్ని ఐరోపా రోమింగుకు మళ్లీ రుసుము పెట్టాయి. అవే టవర్లు, అదే ఇంగ్లీషు ఛానెల్. సరిహద్దు దాటితే ఖర్చు పెరగడం ప్రకృతి ధర్మమైతే, చట్టం రాగానే తగ్గేదీ కాదు, పోగానే పెరిగేదీ కాదు.

ఐరోపాకు ఒక సమాఖ్య ఉన్నది, మనకేదీ అంటారా? సింగపూరు, మలేషియాలు ఏ సమాఖ్య చట్టమూ లేకుండానే 2011లో కూర్చొని మాట్లాడుకొని రోమింగ్ ధరలు తగ్గించుకొన్నవి. మన దేశంలోనే ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ సర్కిల్ దాటి బెంగుళూరు పోతే, వచ్చిన కాలుకు కూడ డబ్బు కట్టినాము. 2016, 17లలో పోటీ పెరిగి ఆ రుసుము పోయింది. విదేశీ రోమింగ్ ధరలను మాత్రం ట్రాయ్ కంపెనీల విచక్షణకే వదిలింది. 2020 మే నెలలో ఆ సంస్థయే దీనిపై చర్చాపత్రం వెలువరించింది, అనగా సమస్య దాని కంటబడనిది కాదు.

ఈ భారం ఎవరి మీద పడుతున్నది? ఉద్యోగం పని మీద పోయేవాడి బిల్లు ఉద్యోగమిచ్చినవాడు కడతాడు. కూతురి పురుడు పోయడానికి ఆరునెలలు పోయే తల్లికి ఎవరు కడతారు? కరీంనగర్, జగిత్యాల నుండి దుబాయికి, కడప నుండి కువైట్‌కు పోయిన శ్రామికులకు ఎవరు కడతారు? విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవడానికి 2023 జనవరిలో పది దేశాలకు అనుమతి వచ్చింది. సంతోషమే. కాని అది ప్రవాసుల ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు మాత్రమే. చుట్టపుచూపుగా పోయిన తల్లిదండ్రులకు వర్తించదు. ఆ తొలి పది దేశాలలో కువైట్ లేనే లేదు.

నేను కోరేవి మూడు. మొదటిది, చందాదారు స్వయంగా ఎక్కువ కోరితే తప్ప, రోమింగ్ బిల్లు ఒక హద్దు చేరగానే తనంతట తానే ఆగిపోవాలి. రెండవది, విదేశంలో ఉన్నవారి నంబరును స్వల్ప రుసుముతో సందేశాలకు మాత్రమే బతికించి ఉంచే పద్ధతి కావాలి. ఓటీపీ సందేశమే ఏకైక మార్గం కానక్కరలేదని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు ఆదేశాలలో ఉన్నది, వాటి అమలుకు 2026 ఏప్రిల్ 1 అని గడువు కూడ పెట్టింది. బ్యాంకులు ఆ వెసులుబాటును వృద్ధులకూ అర్థమయ్యే రీతిలో అందించాలి. మూడవది, మనవారు లక్షలుగా ఉన్న గల్ఫ్ దేశాలతో ప్రభుత్వం టోకు ధరలపై ఒప్పందం చేసుకోవాలి.

నంబరును మనిషికి గుర్తింపుగా చేసినది మనం కాదు, బ్యాంకులు, ప్రభుత్వం. గుర్తింపుగా చేసిన తరువాత దానిని విలాస వస్తువుగా లెక్కకట్టి సుంకం వేయడం అన్యాయం. ట్రాయ్ చర్చాపత్రం వెలువడినప్పుడల్లా కంపెనీలు పేజీలకు పేజీలు సమాధానాలు పంపుతాయి. సామాన్యులూ పంపవచ్చు, కాని పంపేవారు అరుదు. ఈసారి అవకాశం వచ్చినప్పుడు ప్రవాసంలోనున్న మిత్రులు, వారి తల్లిదండ్రులు తలకొక ఉత్తరం రాయాలని నా మనవి. తెలుగులోనైనా సరే.